వెనక పేజీలో మూడక్షరాలు

అశోక్‌నగర్ గల్లీల్లో గ్రూప్స్‌కు చదివేవాళ్లలో చాలామందికి అనూహ్య పేరు తెలియదు. జిరాక్స్ అక్క అంటే చాలు, వెంకటేశ్ షాపు చూపిస్తారు. రెండు మిషన్ల మధ్య ఒక మనిషి పట్టేంత చోటులో ఆరేళ్లుగా నిలబడే ఉంది ఆమె. చిక్కడపల్లి లైబ్రరీలో సీటు దొరకనివాళ్లు, దొరికినా నిద్ర ఆగనివాళ్లు నోట్సులు పట్టుకుని వచ్చేవారు. "అక్కా, బ్యాక్ టు బ్యాక్ ఇరవై సెట్లు" అంటే తల ఎత్తకుండానే తీసి, కాగితాల దొంతరను నాలుగువైపులా బల్లకు తట్టి, అంచులు కలిపి ఇచ్చేది. మాట్లాడటం తక్కువ. చూడటం ఎక్కువ. ఎవరికి ఎన్నో ప్రయత్నమో, ఎవరు ఈసారి ఊరికి వెళ్లిపోతారో ముఖం చూసి చెప్పగలిగేది, కానీ ఎవరికీ చెప్పేది కాదు.

"బహ్రెయిన్ రాజధాని?" అని ఒకరోజు నాగశ్రీ పరీక్ష పెట్టింది. నాగశ్రీది తెనాలి. లేడీస్ హాస్టల్లో ఉంటూ ఐదేళ్లుగా పరీక్షలు రాస్తోంది.

"మనామా."

"కరెన్సీ?"

"దినార్. బహ్రెయిన్ అంటే రెండు సముద్రాలని అర్థం."

"చూశారా అండీ! నేను హాలుటికెట్ మీద హాలుటికెట్ తీసుకుంటున్నాను, జవాబులన్నీ ఈవిడ దగ్గరున్నాయి. ఇంతకీ మీరు ఏ గ్రూప్‌కి రాస్తున్నారండీ?"

ఈ ప్రశ్న ఆరేళ్లలో ఎన్నిసార్లు వచ్చిందో లెక్కలేదు. జవాబు మాత్రం ఎప్పుడూ ఒకటే. "చూస్తున్న" అని అనూహ్య మిషన్ మూత దించింది.

ఆమె పదో తరగతి పాసు కాలేదు. పరీక్షే రాయలేదు. ఆ ఏడు సంక్రాంతి సెలవులు అయిపోయిన వారానికి అమ్మ కమలకు పక్షవాతం వచ్చింది. నాన్న జగన్మోహన్ నారాయణగూడలో మిఠాయి దుకాణం కౌంటర్ మీద ఉండేవాడు. పొద్దున తొమ్మిదికి పోతే రాత్రి పదికి రాక. అక్క సంయుక్త డిగ్రీ మొదటి సంవత్సరంలో ఉంది. ఎవరో ఒకరు ఇంట్లో ఉండాలి. "ఒక్క సంవత్సరమే బిడ్డా" అన్నాడు నాన్న. అమ్మ నాలుగేళ్లు మంచం మీద ఉండి పోయింది. ఆ తర్వాత పద్నాలుగేళ్ల పిల్లల పక్కన కూర్చుని పరీక్ష రాయడానికి అనూహ్యకు సిగ్గేసింది. సంయుక్త డిగ్రీ చేసింది, పెళ్లి చేసుకుంది, భర్త తరుణ్ ఉద్యోగం ఉన్న బహ్రెయిన్‌కు వెళ్లిపోయింది.

ఇప్పుడు సంయుక్తకు నెలలు నిండాయి. "అమ్మ ఉంటె అమ్మ వచ్చేది. నువ్వన్న రావే అనూ. ఒక్క నెల" అని ఫోన్‌లో ఏడ్చింది. తరుణ్ విజిట్ వీసా పంపాడు. పాస్‌పోర్టు రెండేళ్ల క్రితమే తీసి ఉంచింది కనుక దానికి ఇబ్బంది లేదు. ఇబ్బందల్లా దాని వెనక పేజీలోనే ఉంది. నాన్న పేరు, ఇంటి అడ్రసు ఉన్నచోట ఇంగ్లీషులో మూడక్షరాలు. ఇ.సి.ఆర్. పదో తరగతి పాసు కానివాళ్ల పాస్‌పోర్టు మీద వేస్తారు. ఇలాంటివాళ్లు గల్ఫ్‌కు వెళ్తుంటే ఆపి అడగాలని, ఎవరైనా మాయమాటలు చెప్పి ఇంటిపనికి తీసుకుపోతున్నారేమో చూడాలని దాని అర్థం. వాళ్ల మంచికే. కానీ ఆ మూడక్షరాలు కనబడినప్పుడల్లా అనూహ్యకు ఎవరో నడిబజారులో తన మార్కులు చదివి వినిపిస్తున్నట్టుండేది.

ప్రయాణానికి కావలసిన ఫైలు తనే తయారుచేసుకుంది. వీసా, రానుపోను టికెట్లు, అక్క పెళ్లి సర్టిఫికెట్, ఆస్పత్రి కాగితాలు, బావ ఉద్యోగం ఉత్తరం, అన్నీ మూడేసి కాపీలు. ముందు విషయసూచిక, సెక్షన్‌కో రంగు కాగితం, పైన పారదర్శకమైన అట్ట. స్పైరల్ బైండింగ్ చేసి చూసుకుంటే ఇంటర్వ్యూకు పోయేవాళ్ల ఫైలు కన్నా బాగుంది. పాస్‌పోర్టు వెనక పేజీ దగ్గరకొచ్చేసరికి షాపులో నలుగురు నిలబడి ఉన్నారు. నాగశ్రీ కూడా ఉంది. అనూహ్య ఎక్స్‌పోజర్ అనే నలుపు మీటను రెండు గీతలు తగ్గించింది. కాపీ మసకగా వచ్చింది. ఆ మూడక్షరాలు పేజీలో కలిసిపోయాయి. ఎవరి కంటా పడలేదు. ఫైలులో పెట్టేసింది.

ఆ పనే శంషాబాద్ ఎయిర్‌పోర్టులో ఆమె మెడకు చుట్టుకుంది.

ఇమిగ్రేషన్ కౌంటర్‌లో ఆఫీసరు పాస్‌పోర్టు వెనక పేజీ చూశాడు. తర్వాత ఫైలు తెరిచాడు. ఒక్కో రంగు కాగితం తిప్పుతున్నకొద్దీ అతని కనుబొమలు ముడిపడ్డాయి.

"ఏ ఏజెంట్ చేసిచ్చిండమ్మా ఈ బుక్కు?"

అనూహ్య ఫైలు వంక చూసింది.

"అడుగుతున్న కదా. ఇంటిపనికి తోలుతుండ్రా? ఎంతమంది పోతున్రు నీతోని?"

"మా అక్క... డెలివరీ..."

"అందరు అదే చెప్తరు. అక్క, చెల్లె, డెలివరీ." అతను ఇంకో పేజీ తిప్పి ఆగాడు. "అన్ని కాపీలు అద్దం లెక్కున్నయ్. ఈ ఒక్కటి ఎందుకు మసకగుంది?"

పక్కన బెంచీ మీద కూర్చోమన్నాడు. క్యూలో వెనకున్నవాళ్లంతా ఒక్కొక్కరే దాటిపోతున్నారు. వాళ్లు పెట్టెల మీద బిగించిన ఎర్రటి ప్లాస్టిక్ తాళ్లను చూస్తూ కూర్చుంది. చేతులు ఊరుకోవడం లేదు. ఒళ్లో ఉన్న ఫైలు అంచులు సరిచేస్తోంది, అవి ఎప్పుడో సరిగానే ఉన్నాయి. తిరిగి ఇంటికి పంపిస్తే? చిక్కడపల్లి గల్లీలో ఆటో దిగి, పెట్టె మోసుకుంటూ, పొద్దున చేతులూపి పంపినవాళ్ల ముందు నుంచే నడవాలి. అక్క ఆస్పత్రిలో ఒక్కతే ఉంటుంది. విమానం ఎక్కమని స్పీకర్లో పిలవడం మొదలైంది.

ఆఫీసరు పిలిచాడు. "మీ బావతోని మాట్లాడిన. ఆయన చెప్పేది కలుస్తుంది. కానీ ఈ పేజీ సంగతి చెప్పు. నిజం చెప్పు."

"నేనే చేసిన సార్. ఫైలు కూడ నేనే. జిరాక్స్ షాపుల పనిచేస్త, అశోక్‌నగర్‌ల. ఎక్స్‌పోజర్ తగ్గించిన."

"ఎందుకు?"

"టెన్త్ కాలేదని షాపుల అందరికి తెలుస్తదని."

అతను ఫైలు మూసి పక్కన పెట్టాడు. "జిరాక్స్ షాపా? సరే. ఆధార్ కార్డు ముందు, వెనక ఒక్క కాగితం మీదికి ఎట్ల తీస్తవ్?"

ఇది తెలిసిన ప్రశ్న. మాట దానంతటదే వచ్చింది. "ఐ.డి. కాపీ బటన్ ఉంటది సార్. కార్డు గ్లాసు మూలకు ఆనొద్దు, ఒక వేలెడు దూరం పెట్టాలె, లేకుంటె అంచు కోసుకపోతది. ముందువైపు స్కాన్ అయినంక తిప్పి మల్ల అదే జాగల పెట్టాలె. మీ మిషన్ పాతదైతె బటన్ ఉండది, కాగితం తీసి మల్ల ట్రేల తలకిందులు పెట్టాలె. చానామంది అక్కడనే గలత్ చేస్తరు."

ఆఫీసరు నవ్వు దాచుకోవడానికి తల వంచి ముద్ర వేశాడు. "ఉన్నదాన్ని మసక చేస్తె లేనిదేదో చేసినవనుకుంటరు. నెలకు వాపస్ వస్తవా?"

"వస్త సార్."

ఆ మాట ఆమెతోపాటే విమానం ఎక్కింది.

కిటికీలోంచి మొదటిసారి సముద్రం చూసింది. హైదరాబాద్‌లో పుట్టి పెరిగిన పిల్ల, హుస్సేన్‌సాగర్ దాటి నీళ్లు చూడలేదు. కరెంట్ అఫైర్స్ మ్యాపులో చుక్క పెట్టి పక్కన బాణం గుర్తు వేసే దేశం ఇదేనా? కింద లేత ఆకుపచ్చ నీళ్లలో మట్టిరంగు ముక్క ఒకటి తేలుతోంది. బయటికి రాగానే గాలి ముఖానికి తగిలింది. తడిబట్ట మీద ఇస్త్రీపెట్టె పెట్టినప్పుడు లేచే ఆవిరి లాంటి గాలి.

తరుణ్ కారు వంతెన ఎక్కింది. ఎయిర్‌పోర్టు ఒక దీవిలో, ఊరు ఇంకో దీవిలో.

"ఇది ఒక సముద్రం. ఇంకోటి ఏది బావా?" అని అడిగింది.

"ఏది ఇంకోటి?"

"బహ్రెయిన్ అంటె రెండు సముద్రాలు గదా."

తరుణ్ పకపకా నవ్వాడు. "నాలుగేండ్లాయె వచ్చి. ఎవ్వరు అడగలె నన్ను. నీకు ఉద్యోగం ఇయ్యాలె పిల్లా!"

ఆ మాట ఊరికే అన్నాడనుకుంది.

అనూహ్య వచ్చిన మూడో రోజున సంయుక్తకు ఆడపిల్ల పుట్టింది. మనామాలోని గుదైబియాలో రెండు గదుల ఫ్లాటు. కిటికీ తెరవకూడదు, తెరిస్తే ఏసీ చల్లదనమంతా పోతుంది. అనూహ్య పసిపిల్లకు నీళ్లు పోసింది, అక్కకు వెల్లుల్లి కారం, పాలు అందించింది, మిగిలిన సమయంలో ఇల్లంతా తిరిగింది. డైపర్ల దొంతరకు అంచులు కలిపింది. కింద కోల్డ్ స్టోర్ నుంచి తెచ్చిన రొట్టెలనూ ఒకదానిమీద ఒకటి సరిచేసింది. ఇక్కడ కిరాణా దుకాణాన్ని కోల్డ్ స్టోర్ అంటారు. మొదటిరోజు కూల్‌డ్రింకుల షాపనుకుని, ఉప్పు ఎక్కడ దొరుకుతుందని ఊరంతా తిరిగింది.

"జర కూసో అనూ. నిన్ను చూస్తుంటె నాకే కాళ్లు గుంజుతున్నయ్" అనేది సంయుక్త.

కూర్చోలేకపోయేది. ఆ ఊళ్లో అన్నీ దగ్గరే, అయినా ఏదీ అందేది కాదు. గల్లీ చివర సముద్రం ఉందనేవారు, వెళ్తే గోడ అడ్డం వచ్చేది. సాయంత్రం బజారులో తెలుగు వినబడి వెనక్కి తిరిగితే మాట్లాడినవాళ్లు జనంలో కలిసిపోయేవారు. వస్త సార్, వస్త సార్ అని లోపల ఎవరో అంటూనే ఉన్నారు. వెళ్తే అక్క ఒంటరిది. ఉంటే తను ఎవరు?

పదిహేనో రోజున పీరయ్య వచ్చాడు. జగిత్యాల వైపు మనిషి, బిల్డింగ్ ఊడ్చే పని. "బిడ్డా, నువ్వు కాయితాలు బాగ రాస్తవంట. పాస్‌పోర్టు రెన్యువల్ ఫారం నింపియ్యరాదు" అన్నాడు. అనూహ్య ఆయన పాస్‌పోర్టు వెనక పేజీ తిప్పింది. అవే మూడక్షరాలు. వద్దనుకుంటూనే, "నాది కూడ ఇదే పెద్దనాయినా" అంది. ఎవరితోనైనా తనంతట తాను ఆ మాట అనడం అదే మొదలు.

పీరయ్య పళ్లన్నీ బయటపెట్టి నవ్వాడు. "అట్లనా! మరి మనదొక్కటే ఇంటిపేరు. ఇ.సి.ఆర్. పీరయ్య, ఇ.సి.ఆర్. అనూహ్య!"

ఆమెకూ నవ్వొచ్చింది. పుట్టిన తేదీ దగ్గర ఆగింది. "నలభై ఆరేనా నీకు?"

"కాయితంల నలభై ఆరు. అసలు యాభై మూడు. వచ్చేటప్పుడు ఏజెంటు ఏడేండ్లు తగ్గించి రాపిచ్చిండు, పడుచోన్ని తీసుకుంటరని. అప్పుడు ఖుషీ అయిన. గిప్పుడేమో మా దోస్తులు యాభై దాటిందని ఇండ్లకు పోతున్రు, మా కంపెనీల అదే లెక్క. నేను కాయితం మీద ఇంక పిలగాన్నే. మోకాళ్లకు ఏం తెలుసు బిడ్డా, కాయితంల ఏం రాసున్నదో!" అని వేలిముద్ర కాదు, గర్వంగా సంతకమే పెట్టి వెళ్లాడు.

సంయుక్త గదిలోంచి అంతా విన్నది. ఆ సాయంత్రం పసిపిల్లను అనూహ్య ఒళ్లో పెట్టి అసలు సంగతి చెప్పింది. వెనక వీధిలో కోయా అనే మలయాళీకి టైపింగ్ సెంటర్ ఉంది. వీసా ఫారాలు, అర్జీలు టైపు చేసి ఇచ్చే దుకాణం. పనికి మనిషి కావాలి. తరుణ్ అప్పుడే మాట్లాడాడు. కోయా అనూహ్య చేసిన ఫైలు చూసి ముచ్చటపడ్డాడు. పని వీసా తనే తీసుకుంటానన్నాడు.

"అయితే ఒక్కటి. టెన్త్ సర్టిఫికెట్ కావాలంట. నువ్వు టెన్త్ పాసైనవనే మీ బావ చెప్పిండు."

"అక్కా!"

"ఒర్రకు, పిల్ల లేస్తది. నా టెన్త్ మార్కుల మెమో ఫోన్ల ఉంది. అమ్మ పేరు, నాన్న పేరు, బడి అన్ని అవే. నీ పేరు, పుట్టిన తారీకు పెడితె అయిపాయె. నీకు పది నిమిషాల పని."

"అది నీది గదా."

"సగం నీదే." సంయుక్త పిల్ల మీది గుడ్డ సరిచేసింది. "నువ్వు బడి మానినవు గాబట్టే నేను చదివిన. ఎన్నడన్న అడిగినవా నన్ను? ఇప్పుడు నేనిస్తున్న, తీస్కో. ఇక్కడ్నే ఉందువు. దీన్ని పెంచుకుందాం. ఆ మిషన్ల నడుమ ఎన్నేండ్లు నిలబడ్తవే?"

ఒళ్లో పిల్ల అనూహ్య చూపుడువేలు పట్టుకుంది. టోనరు నల్లదనం గోటి మూలలో ఇంకా పోలేదు.

మర్నాడు పది గంటలకు కోయా దుకాణంలో కంప్యూటర్ ముందు కూర్చుంది. పని ఎలా చేస్తావో చూపించమన్నాడు. నాలుగు ఫారాలు చకచకా చేసి ఇచ్చింది. అతను టీకి వెళ్లాడు. అక్క పంపిన మెమో తెర మీద తెరిచింది. సంయుక్త పేరు చెరిపింది. ఆ అక్షరాల వెనకున్న లేతరంగు నీటిముద్రను పక్కనుంచి తీసి అతికించింది. అదే అక్షరాల అచ్చు వెతికి తన పేరు కొట్టింది. పుట్టిన తారీకు, పాసైన సంవత్సరం మార్చింది. కొద్దిగా వంకర తిప్పింది, స్కాన్ చేసినవి నిటారుగా ఉండవు కదా. అయిపోయింది. పది నిమిషాలు కూడా పట్టలేదు. శంషాబాద్ ఆఫీసరు చూసినా పట్టుకోలేడు.

తెర మీద తన పేరుంది. కింద మార్కులున్నాయి. తెలుగు ఏ-వన్. సోషల్ ఏ-టు. లెక్కలు బి-టు.

అక్కడ కన్ను ఆగింది. బి-టు? లెక్కల్లో తనకు బి-టు ఏమిటి? తొమ్మిదిలో ఉన్నప్పుడు ఇంటర్ చదివే అక్కకు సమితులు తనే చెప్పింది. బడిలో లెక్కలు చెప్పే అరుంధతి టీచరు తన నోటుబుక్కు క్లాసంతా తిప్పి చూపించింది. సోషల్‌లోనూ ఏ-టుయేనా? ఆరేళ్లుగా ఎన్ని మ్యాపులు తీసింది! ఉక్రోషం వచ్చింది. దొంగ కాగితం చేశానన్న భయం కంటే ముందు ఆ ఉక్రోషమే వచ్చింది. ఇవి అక్క మార్కులు. నా మార్కులు ఎన్ని? ఎవరికీ తెలియదు. నాకూ తెలియదు. ఈ కాగితం బయటికి పోతే ఇంక ఎప్పటికీ తెలియదు. కాగితం మీద బి-టుగానే బతకాలి, పీరయ్య నలభై ఆరులాగా.

కోయా టీ తాగి వచ్చేసరికి తెర ఖాళీగా ఉంది.

"సర్టిఫికెట్ తెచ్చావా?" అని హిందీలో అడిగాడు.

"లేదు. నేను టెన్త్ పాస్ కాలేదు. పరీక్ష రాయలేదు" అంది హైదరాబాదీ ఉర్దూలో.

అతను నొచ్చుకున్నాడు. నీ చేతికి వంక లేదన్నాడు. కానీ వీసాకు కాగితం కావాలి, తనేం చేయగలడు? "పాసై రా, అప్పటికి ఖాళీ ఉంటే చూద్దాం" అన్నాడు. ఉంటుందని మాత్రం అనలేదు.

సంయుక్త కోపం గిన్నెల చప్పుడులో మొదలై నోటిదాకా వచ్చింది. "నేనిచ్చింది నీకు పనికిరాలేదు. పో, ఆ మిషన్ కాడ్నే ముసల్దానివైపో!"

"నీ లెక్కల మార్కులు తక్కువున్నయ్ అక్కా" అంది అనూహ్య. సముదాయించాలనుకుంది. నోటికి అదే వచ్చింది.

సంయుక్త నవ్వలేదు. మిగిలిన రెండు వారాలూ అవసరమైతేనే మాట్లాడింది. వెళ్లేరోజు మాత్రం గుమ్మం దాకా వచ్చి, పిల్లను అందించి, మళ్లీ లాక్కుంది. ఎయిర్‌పోర్టు దారిలో వంతెన మీద తరుణ్ ఎడమవైపు చూపించి, "ఇటు ఒకటి, అటు ఒకటి. రెండు సముద్రాలు అనుకో, సరిపోతది" అన్నాడు. అనూహ్య రెండువైపులా చూసింది. రెండూ ఒకేలా ఉన్నాయి. ఏమో మరి.

అశోక్‌నగర్‌లో ఏమీ మారలేదు. నోటిఫికేషన్ పడుతుందన్న పుకారు ఒకటి కొత్తగా వచ్చింది, అంతే. పన్నెండు రోజులు సంయుక్త ఫోన్ చేయలేదు. పదమూడో రోజు మధ్యాహ్నం పిల్ల ఫోటో వచ్చింది. కింద ఒక్క మాటా లేదు. అనూహ్య దాన్ని చాలాసేపు చూసి, డ్రాయరులోంచి ఓపెన్ స్కూల్ టెన్త్ ఫారం తీసింది. వారం నుంచి అక్కడే పడి ఉంది. చివరి తేదీ ఎల్లుండి.

నాగశ్రీ అప్పుడే వచ్చింది, చేతిలో నోట్సు. "ఏంటండీ, విదేశాలు తిరిగొచ్చి కూడా స్వీటు పెట్టలేదు! ఇంతకీ తేల్చారా, ఏ గ్రూపో?"

"టెన్త్" అంది అనూహ్య.

నాగశ్రీ పకాలున నవ్వబోయి, ఫారం చూసి ఆగిపోయింది. వెనక ఇద్దరు నిలబడి ఉన్నారు. అనూహ్య చెవులు వేడెక్కాయి. అయినా పాస్‌పోర్టు తెరిచి, వెనక పేజీ గ్లాసు మీద బోర్లించింది.

"పుట్టిన తేదీకైతే ఆధార్ పెట్టినా సరిపోతుంది కదండీ" అంది నాగశ్రీ మెల్లగా.

"సరిపోతది."

ఎక్స్‌పోజర్ రెండు గీతలు పెంచింది. బటన్ నొక్కింది. వెలుగు ఈ చివర నుంచి ఆ చివరకు జరిగింది. కాగితం వేడివేడిగా ట్రేలోకి వచ్చింది. నాన్న పేరు, చిక్కడపల్లి అడ్రసు, మూడక్షరాలు, అన్నీ కాటుక పెట్టినట్టు నల్లగా పడ్డాయి. లెక్కల పుస్తకం పట్టుకుని పదేళ్లు దాటింది. సమితులు గుర్తున్నాయో లేదో. తనకూ బి-టుయే వస్తే?

ఉన్నది ఒక్క కాగితమే. అయినా నాలుగువైపులా బల్లకు తట్టి అంచులు కలిపింది.